హెల్ప్‌స్టన్ గ్రామము – జాన్ క్లేరు కవిత

ఆంగ్ల సాహిత్యచరిత్రమున కొన్ని గ్రామముల పేరులు కవుల పేరులతో విడదీయరాకుండ పెనగొనియున్నవి. స్టోక్ పోజెస్ అనగానే థామస్ గ్రే 1751లో ప్రకటించిన శ్మశానగీతము స్ఫురించును. గ్రాస్మియర్ అనగానే 1799లో అచట కాపురము పెట్టిన వర్డ్స్‌వర్తు జ్ఞప్తికి వచ్చును. సెల్బర్న్ గ్రామమునకు ప్రసిద్ధి గలిగినది, అచటి పశుపక్ష్యాదులను గూర్చి 1789లో గ్రంథము వెలువరించిన గిల్బర్ట్ వైటు వలన. ఈ మువ్వురును తమ తమ గ్రామములను శ్రద్ధతో చూచినవారే, ప్రేమించినవారే. కాని గ్రే కేంబ్రిడ్జి పండితుడు; వైటు మతాచార్యుడు; వర్డ్స్‌వర్తు విశ్వవిద్యాలయమున చదివి, దేశములు తిరిగి, గ్రామవాసమును బుద్ధిపూర్వకముగా ఎంచుకొన్నవాడు. ఆ గ్రామములలో కూలికి పోయి బ్రదికినవారు వీరిలో ఎవరును లేరు.

హెల్ప్‌స్టన్ కథ వేరు. అచటి కవి జాన్ క్లేరు ఆ ఊరి పొలములలో కలుపు తీసినవాడు, ఆ ఊరి కంచెలు నాటినవాడు. ఊరి మాటయే అతని మాట. అందుచేత ఆ ఊరి నేల మారినపుడును, ఆ ఊరి మాటను పట్టణపు ప్రకాశకులు దిద్దినపుడును, అతని కవితకు కలిగిన నష్టము ఒక్కరీతిదే. నేలకు కంచె కట్టుట, భాషకు కంచె కట్టుట అను ఈ రెండు కార్యములు ఒక కవి జీవితములో ఎట్లు కలిసికొన్నవో చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. గ్రంథపరిష్కరణమున పనిచేయు మన పరిశోధక విద్యార్థులకు రెండవ విషయము విశేషించి ఉపకరించునని మా తలంపు.

ఇంగ్లండు తూర్పుభాగమున పీటర్‌బరో, స్టామ్‌ఫర్డ్ అను పట్టణముల నడుమ హెల్ప్‌స్టన్ ఉన్నది. క్లేరు కాలమున ఇది నార్తాంప్టన్‌షైరులోనిది. నేడు కేంబ్రిడ్జిషైరులో పీటర్‌బరో నగరపాలన క్రింద చేరియున్నది. కవి దీని పేరును తుదను 'ఇ' అక్షరము చేర్చి వ్రాసెడివాడు. ఇప్పటి వ్రాతలో ఆ అక్షరము లేదు. ఊరు రెండు విధములైన భూముల హద్దున నెలకొన్నది. తూర్పున ఎంత దూరము చూచినను ఎత్తుపల్లములు లేని ఫెన్ అను పల్లపు నేల. పడమర సున్నపురాతి మెరక, అడవులు, తుప్పలతో నిండిన బీళ్ళు. ఇండ్లు ఆ సున్నపురాతితోనే కట్టినవి. ఊరి నడుమ ప్రాచీనమైన శిలాస్తంభమును, దానికి సమీపమున సెయింట్ బోటల్ఫ్ పేరిట దేవాలయమును గలవు. సుందరదృశ్యములు వెదకుచు పోవు యాత్రికుని ఆపగల కొండ గాని, సరస్సు గాని ఇచట లేదు. గ్రాస్మియరుకు ప్రకృతియే సగము కవిత్వము సమకూర్చి పెట్టినది. హెల్ప్‌స్టనునకు అట్టి భాగ్యము లేదు.

క్లేరు 1793 జూలై 13వ తేదీన ఇచట పుట్టెను. తండ్రి పార్కర్ క్లేరు నూర్పిడి కూలి. అతనికి నూరింటికి మించిన జానపదగేయములు నోటికి వచ్చునని చెప్పుకొనెడివాడట. తల్లికి అక్షరజ్ఞానము లేదు. బాలుడు కొంతకాలము సమీపగ్రామమైన గ్లింటనులో దేవాలయపు బడికి పోయెను. పనులున్న నెలలలో చదువు లేదు, పని లేని నెలలలో మాత్రమే చదువు. పదుమూడేండ్ల ప్రాయమున థామ్సన్ రచించిన 'సీజన్స్' అను ఋతువర్ణన కావ్యము ఒకటి అతని కంటబడెను. ఒకటిన్నర షిల్లింగు కూడబెట్టి స్టామ్‌ఫర్డునకు నడచి పోయి ఆ పుస్తకము కొనుక్కొనెను. తిరిగివచ్చుచు బర్లీ అను ప్రభువుల ఉద్యానపు గోడ దూకి, లోపల చాటున కూర్చుండి దానిని చదివెనని అతడే వ్రాసికొన్నాడు. పనిదినమున బాటప్రక్క కూర్చుండి పుస్తకము చదువు కూలివాడు నలుగురి కంటబడుట అతనికి సిగ్గుగా నుండెనట. గ్రామీణ కవికి గ్రంథపఠనము చౌర్యము వంటి పనియైనదని ఈ చిన్న సంగతి వలన తెలియుచున్నది.

క్లేరు బాల్యమున హెల్ప్‌స్టన్ భూములు పాతపద్ధతిలోనే ఉండెను. ఊరిచుట్టు లోలమ్ బ్రిడ్జి పొలము, హీత్ పొలము, వుడ్‌క్రాఫ్ట్ పొలము అని మూడు గొప్ప పొలములు. ఒక్కొక్క పొలమున ఒక్కొక్క రైతునకు అచటొక పట్టి, ఇచటొక పట్టి. నడుమ కంచెలు లేవు. ఏటేట ఒక పొలమును బీడు విడిచెడివారు. పొలముల అంచున ఉన్న బీళ్ళు ఉమ్మడివి. మన గ్రామములలో పోరంబోకు, బంజరు అని చెప్పుకొను భూముల వంటివే యనవచ్చును గాని, అచట వాటిపై హక్కులు ఆచారసిద్ధముగా, వివరముగా నిర్ణయింపబడియుండెడివి. ఫలానివారు ఇన్ని పశువులు మేపుకొనవచ్చును, ఫలానివారు వంటచెరకు కోసికొనవచ్చును అను రీతిగా. ఊరు కేంద్రముగా బాటలు నలువైపుల వంకరలు తిరుగుచు పోయి బీళ్ళలో కలిసిపోయెడివి.

1809లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. హెల్ప్‌స్టనును, గ్లింటను, మాక్సీ మొదలైన పొరుగూళ్ళను కలిపి ఆ భూముల నన్నింటిని క్రొత్తగా కొలిచి, పంచి, కంచెలు వేయుటకు అది అధికారమిచ్చెను. ఇట్టి చట్టములు ఆ కాలమున ఇంగ్లండు అంతట వందలకొలది పుట్టినవి. హెల్ప్‌స్టన్ పంపకము 1820 నాటికి పూర్తియయ్యెను. ఆవరణచట్టమనగా ఏమో మన పాఠకులకు స్పష్టపడవలెనన్న దీనిని గమనింపవలెను: చెదరియున్న పట్టీలు కూడి చతురస్రమైన కమతములయ్యెను, ఉమ్మడి బీళ్ళు పేరుపేరున సొంత ఆస్తులయ్యెను, వంకర బాటలు మూసి తిన్నని బాటలు వేసిరి, వాగుల దారులు మరలించిరి, చెట్లు కొట్టిరి. పంట పెరిగినమాట నిజము. బీదల స్థితి వెంటనే ఎంత దిగజారెను అనుదానిలో చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. కంచెలు నాటుటకు, కాలువలు త్రవ్వుటకు కొన్నియేండ్లు కూలి దొరకెను. ఆ కూలికి పోయినవారిలో క్లేరు కూడ ఒకడు. తాను శపించిన కంచెను తన చేతులతోనే నాటినాడు. అతని ఆవరణగీతములలోని క్రోధమున ఒక జీర ఆత్మనింద కూడ వినబడుచుండుటకు ఇది హేతువు కావచ్చును.

నష్టము కూలిరేట్లలో కనబడునది కాదు. దీనిని తెలియుటకు క్లేరు తన బాల్యమును గూర్చి చెప్పిన ఒక కథ ఉపకరించును. అతడు చిన్నతనమున ఒకనాడు ఎమన్సేల్స్ అను బీడు మీదుగా లోకపు అంచు చూచివత్తునని బయలుదేరెను. ఆకాశము నేలను తాకుచోటు ఒక దినపు నడకలో నున్నదని అతని నమ్మకము. పోగా పోగా పూవులును పక్షులును తన నెరుగనట్లు తోచెను. సూర్యుడు సైతము వేరొక దిక్కున నున్నట్లు భ్రమ కలిగెను. తాను ఎరిగిన నేల దాటితినని భయపడి, చీకటిపడుసరికి ఎట్లో ఇల్లు చేరెను. 1972లో జాన్ బారెల్ అను విమర్శకుడు క్లేరును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ కథకు విలువైన వ్యాఖ్యానము చేసెను. ఆవరణమునకు ముందు హెల్ప్‌స్టన్ వలయాకారమైన లోకము. దానిలో నివసించువానికి జ్ఞానమనగా ఆ స్థలముల జ్ఞానమే. తిన్నని బాటలు వచ్చినప్పుడు ఆ ఊరు ఇతర గ్రామములకు పోవు దారిలో ఒక మజిలీ మాత్రమయ్యెను. బారెల్ వాదము ఒకించుక అతిగా సాగినదని మా అభిప్రాయము. స్టామ్‌ఫర్డ్ సంతకు నడచి పోవువారు ఆ ఊరివారు ఎందరో అంతకుముందును ఉండిరి గదా. అయినను క్లేరు కవితలలో స్థలనామములు ఎందుకు అంత సాంద్రముగా ఉన్నవో ఇంతకన్న మేలుగా చెప్పినవారు లేరు. లాంగ్లీ పొద, స్వోర్డీ వెల్, రౌండ్ ఓక్ ఊట, రాయిస్ అడవి, లోలమ్ వంతెనలు – ఇవి అతనికి వర్ణనీయవస్తువులు కావు; బంధువుల పేరులు.

వీనిలో లాంగ్లీ పొద కథ క్లుప్తముగా చెప్పవచ్చును. అది ఒక ముసలి ముళ్ళచెట్టు. పూర్వము ఆ ప్రాంతపు న్యాయసభ దాని క్రింద జరిగెడిది. పసులకాపరులకు, జిప్సీలకు దానిని గూర్చి కథలు గలవు. 1824 సెప్టెంబరు దినచర్యలో క్లేరు, క్రిందటి ఏట ఆ చెట్టు నాశనమయ్యెనని వ్రాసికొనెను. ఒక చెట్టు పోయిన, దానితో ఒక కథల గుంపు పోవుచున్నదని అతడు స్పష్టముగా గ్రహించెను.

స్వోర్డీ వెల్‌ను గూర్చిన కావ్యమునకు మాత్రము కొంత వివరణము కావలెను. అది రోమనుల కాలమునుండి రాయి తీసిన పాత గని. క్లేరు నాటికి పచ్చిక మొలిచి, అరుదైన మొక్కలతో, సీతాకోకచిలుకలతో నిండి, పశువులు మేయు చోటయ్యెను. ఆవరణకాలమున దానిని బాటలకు కంకర తీయుటకై గ్రామమునకు అప్పగించిరి. క్లేరు ఈ విషయము వ్రాయుచు ఒక అపూర్వమైన యుక్తి చేసెను. కావ్యమున మాటలాడునది కవి కాదు, ఆ భూమియే. అదియు పూర్వకావ్యములలోని భూదేవివలె గంభీరముగా మాటలాడదు. గ్రామధర్మము మీద బ్రదుకు దరిద్రుడు తన గతి చెప్పుకొను ధోరణిలో, ఒకింత ఎత్తిపొడుపుతో, ఒకింత సిగ్గుతో మాటలాడును. ఆ కాలమున బీదవాడు గ్రామధర్మమున బడుట గొప్ప అవమానము. భూమిని ఆ దరిద్రుని స్థానమున నిలుపుటచే, భూమికి జరిగినదియు కూలివానికి జరిగినదియు ఒక్కటే యని చెప్పక చెప్పినట్లయ్యెను. మన ఆలంకారికులు దీనిని ధ్వని యందురు. ఆవరణమును గూర్చి ఇంగ్లండున వెలసిన రచనలలో దీనికి సమానమైనది మాకు కనబడలేదు. గోల్డ్‌స్మిత్ 1770లో ప్రకటించిన పాడువడిన పల్లె కావ్యము మనోహరమే గాని, అందు మాటలాడువాడు పట్టణమునుండి తిరిగివచ్చి నిట్టూర్చు పెద్దమనిషి.

1820 జనవరిలో క్లేరు తొలి సంపుటము లండనులో వెలువడెను. కీట్సు కవితలను ప్రకటించిన టేలర్, హెస్సీ అను వారే దీనికిని ప్రకాశకులు. ముఖపత్రమున కవి పేరునకు ప్రక్కన 'నార్తాంప్టన్‌షైరు కర్షకుడు' అని అచ్చువేసిరి. ఏడాది తిరుగునప్పటికి నాలుగు ముద్రణములు నడచెను. ఆ విజయములో కొంత కవిత్వమునకు, కొంత ఆ బిరుదమునకు చెల్లును. గొప్పవారు బండ్లు కట్టుకొని కర్షకకవిని చూడ వచ్చెడివారు; అతనిని పొలమునుండి పిలిపించెడివారు; ఆ పూట కూలి పోయెడిది. ఊరిలోను అతనికి స్నేహము దొరకలేదు. పొలములలో తనలో తాను గొణుగుకొనుచు నడచువానిని ఇరుగుపొరుగువారు వింతగా చూచిరి. తాను వారి నడుమ దారితప్పినవానివలె ఉన్నానని అతడు ప్రకాశకునకు వ్రాసెను. గ్రామము తన కవిని కన్నతల్లివలె ఆదరించెనని చెప్పు వ్యాసములు కొన్ని మేము చదివితిమి. క్లేరు లేఖలు చదివినవారు ఆ మాట వ్రాయజాలరు.

ఆ సంపుటములో 'హెల్ప్‌స్టన్' అను కావ్యము మొదటిది. అందు ధనమును శపించు పంక్తులు కొన్ని గలవు. క్లేరునకు పోషకుడుగా నిలిచిన లార్డ్ రాడ్‌స్టాక్ అను నౌకాధిపతి వానిలో రాజద్రోహపు వాసన కనిపెట్టెను, తీసివేయవలెనని పట్టుబట్టెను. తరువాతి ముద్రణమున ఆ పంక్తులు లేవు. ఆ ఊరి నేల పంపకము ముగిసిన 1820 వ సంవత్సరముననే ఆ ఊరి పేరిటి కావ్యమునకును కత్తిరింపు మొదలయ్యెను.

ఇక భాషను గూర్చి. మనకు 'గ్రామ్యము' అను మాట చిరపరిచితము. ఆలంకారికులు దానిని కావ్యదోషములలో చేర్చిరి. లక్షణమునకు విరుద్ధమైన భాష గ్రామ్యమని చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) నిర్ణయించెను. దానికి నాలుగేండ్ల ముందు, 1854లో, ఆన్ ఎలిజబెత్ బేకర్ అను విదుషీమణి నార్తాంప్టన్‌షైరు గ్రామ్యపదములకు రెండు సంపుటముల కోశము ప్రకటించెను. ఆమె ప్రయోగములకై పలుమారు ఆశ్రయించినది క్లేరు కవితలనే. ఒకదేశమున గ్రామ్యము త్యాజ్యమైన యేండ్లలోనే వేరొకదేశమున కోశమునకెక్కుట కాకతాళీయమే గాని, తలచికొనదగినది. మన నాట ఆ పని 1962లో వ్యవసాయపదములతో మొదలైన మాండలిక వృత్తిపదకోశము చేసెను.

క్లేరు గ్రామ్యపదములు ఎట్టివో కొన్ని చూతము. మంచుపై నడచునపుడు కాలిక్రింద అగు చప్పుడును అతడు 'క్రంపింగ్' అనును. చెట్లలో గాలి నిట్టూర్చు చప్పుడు 'సదరింగ్'. ఎండకు మొక్క తల వాల్చుట 'డ్రౌకింగ్'. నీరు పైపై గడ్డకట్టుట 'క్రిజిల్'. బాటలో నిలిచిన చిన్న నీటిగుంట 'పడ్జ్'. పిల్లలు ఏరుకొను చారల నత్తగుల్ల 'పూటి'. ఏ పనియు లేక కాళ్ళీడ్చుచు పోవుట 'సూడిల్'. వీనికి శిష్టభాషలో ఒక్కమాట పర్యాయములు పెక్కింటికి లేవు. తోటమాలి వడలుటకును, పొలములో నీరు లేక వడలుటకును భేదము పాటించువాడు వేరు మాట వాడును. ఆ భేదము పాటింపనివానికి ఆ మాటతో పనిలేదు. కావున ఇచట గ్రామ్యము అజ్ఞానము కాదు, సూక్ష్మతరమైన జ్ఞానము. పక్షుల పేరులును ఇట్టివే. శాస్త్రగ్రంథముల పేరులు వదలి 'బంబారెల్', 'పెట్టిచాప్', 'ఫైర్‌టెయిల్' అని ఊరివారి పేరులతోనే వానిని పిలిచెను. గూడు ఎచట కట్టును, ఏమి వేసి కట్టును, గ్రుడ్డుపై గీతలెట్టివి అని ఎదుట వంగి చూచినవాడు చెప్పినట్లే చెప్పును. వైటు గ్రంథము మేలుబంతిగా హెల్ప్‌స్టన్ ప్రకృతిచరిత్రను లేఖల రూపమున రచింపవలెనని అతడు 1823 ప్రాంతమున మొదలిడెను, ముగింపలేదు. ఆ వచనభాగములు 1983లో గాని మార్గరెట్ గ్రేంజర్ పరిష్కరణమున సమగ్రముగా వెలుగుచూడలేదు.

కీట్సు ఈ కవితలు చూచి, వర్ణనము భావమును మించిపోవుచున్నదను నర్థము వచ్చునట్లు టేలరుతో అనెనట. కీట్సు మాట తోసివేయదగినది కాదు. క్లేరు తొలిరచనలలో కొన్ని వట్టి పట్టికలే. కాని పక్షిగూళ్ళ కవితలకు ఆ మాట చెల్లదు. చూపులోనే భావమున్నది.

టేలరు క్లేరు వ్రాతప్రతులను ఎట్లు దిద్దెను? క్లేరు విరామచిహ్నములు వాడడు. బహువచన కర్తకు ఏకవచన క్రియ చేర్చును. అక్షరక్రమము చెవికి విన్నట్లు వ్రాయును. వ్యాకరణమును అతడు ఒక లేఖలో నిరంకుశప్రభుత్వముతో పోల్చెను. టేలరు చిహ్నములు పెట్టెను, క్రియలు సరిచేసెను, గ్రామ్యపదములు కొన్ని మార్చెను, కావ్యములు కుదించెను. 1827లో వెలువడిన 'షెపర్డ్స్ క్యాలెండర్' అను ద్వాదశమాస కావ్యమునకు కలిగిన నష్టము మిక్కిలి పెద్దది. వ్రాతప్రతిలోని దానిలో దాదాపు సగము అచ్చులో లేదు. జూలై మాసమునకు వ్రాసిన దానిని టేలరు నిరాకరించి వేరొకటి వ్రాయించెను.

అట్లని టేలరును దుష్టునిగా చిత్రించుట న్యాయము కాదు. తొలి సంపుటమునకు పీఠిక వ్రాసి, క్లేరు గ్రామ్యపదములను సమర్థించినవాడు అతడే. తుదను పదవివరణపట్టిక చేర్చినవాడును అతడే. క్లేరు వ్రాతప్రతులు చదువుట సుకరము కాదు. అతడు కాగితము కొనలేక దొరకిన తునుకలపై వ్రాసెను. సిరా స్వయముగా కాచుకొనెను. మాచికాయ, అన్నభేది కలిపిన ఆ సిరా – మన లేఖకులకును తెలిసినదే – కొన్నిచోట్ల కాగితమును తినివేసెను. వీనిలో పెక్కు భాగము నేడు పీటర్‌బరో, నార్తాంప్టన్ పట్టణములలో భద్రముగా నున్నది.

ఇరువదవ శతాబ్దమున పరిష్కర్తల దృష్టి క్రమముగా వ్రాతప్రతివైపు మరలెను. ఎడ్మండ్ బ్లండెన్, ఆలన్ పోర్టర్ 1920లో ప్రకటించిన సంపుటము క్లేరును మరల పాఠకులకు చూపెను. అందును చిహ్నములు చేర్చిరి. 1964లో ఎరిక్ రాబిన్సన్, జెఫ్రీ సమ్మర్‌ఫీల్డు 'షెపర్డ్స్ క్యాలెండర్'ను కవి వ్రాసినది వ్రాసినట్లుగా, చిహ్నములు లేకుండ అచ్చువేసిరి. ఆ పద్ధతినే ఆక్స్‌ఫర్డువారి తొమ్మిది సంపుటముల సమగ్రప్రతి (1984–2003) అనుసరించెను. దీనికి విరుద్ధముగా జకరీ లీడర్ 1996లోను, క్లేరు జీవితచరిత్రకారుడు జొనాథన్ బేట్ 2003లోను వాదించిరి: క్లేరు తన వ్రాతప్రతులను ప్రకాశకుడు దిద్దునని ఎదురుచూచినవాడు, దిద్దుమని కోరినవాడు, కావున చిహ్నములు లేని పాఠము కవి అభిమతమని చెప్పుట పొరపాటు. ఈ వివాదమునకు వ్యవహారపు చిక్కు ఒకటి తోడయ్యెను. రాబిన్సన్ 1965లో క్లేరు అముద్రితరచనల గ్రంథస్వామ్యమును ఒక పౌనుకు కొని, ఇతరులు వానిని ప్రకటించుటకు తన అనుమతి కావలెననెను. ఉమ్మడి భూములకు కంచె కట్టుటను గూర్చి ఏడ్చిన కవి వ్రాతలకే కంచె కట్టిరని పలువురు విమర్శకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణము సహజమే. అయినను దశాబ్దములు ఆ మసకవ్రాతలను కూడబలికి చదివి లోకమునకిచ్చినవాడు రాబిన్సనే యని మరువరాదు.

పరిశోధకుడు ఏ పాఠము గ్రహింపవలెను? రెండు వేరు ప్రశ్నలను ఈ వివాదము కలిపివేసినదని మాకు తోచుచున్నది. విరామచిహ్నము చేర్చుట ఒక పని. పదము మార్చుట వేరొక పని. పంక్తులు తీసివేయుట మూడవది. మొదటిదానికి క్లేరు సమ్మతి యుండెనని బేట్ చూపిన ఆధారములు బలమైనవి. కాని సమ్మతి అందరి విషయమున ఒక్కటే విలువగలది కాదు. కూలివాడు పోషకునకు ఇచ్చు సమ్మతి ఎంత స్వేచ్ఛగలదో రాడ్‌స్టాక్ ఉదంతము చెప్పుచున్నది. పదములు, పంక్తుల విషయమున వ్రాతప్రతియే ప్రమాణము కావలెను. విద్యార్థి ఒక్క మాసపు వర్ణనమునైనను 1827 పాఠమునందును 1964 పాఠమునందును ప్రక్కప్రక్కన పెట్టి చదువుట అవసరము. పనివాండ్ర నోటిమాటలు, మొరటు వేడుకలు ఏ చోట్ల జారిపోయినవో అపుడు తెలియును.

1832లో పోషకులు క్లేరునకు నార్త్‌బరో గ్రామమున మేలైన ఇల్లు ఇప్పించిరి. హెల్ప్‌స్టనుకు అది మూడుమైళ్ళ దూరము. మన దేశమున అత్తవారిల్లు ఇంతకన్న దూరముగా నుండును. అయినను ఆ మూడుమైళ్ళు క్లేరునకు ప్రవాసమయ్యెను. పరిచితమైన ఒక్క చెట్టు, ఒక్క పూదుబ్బు లేని చోట చూపు నిలువదని అతడు ఆ మార్పును గూర్చి వ్రాసిన కవితల సారాంశము. బాల్యమున ఎమన్సేల్స్ బీడు దాటినప్పటి భయమే ఇప్పుడు స్థిరపడెను. 1835లో చివరి సంపుటము వెలువడెను, అమ్ముడుపోలేదు. 1837లో చిత్తచాంచల్యము ముదిరినందున ఎపింగ్ అడవిలోని చికిత్సాలయమునకు అతనిని తీసికొనిపోయిరి. 1841 జూలైలో అచటినుండి తప్పించుకొని, చేత కాసు లేక, ఎనుబది మైళ్ళకు పైగా నాలుగు దినములు నడచి ఇల్లు చేరెను. దారిలో ఆకలికి గడ్డి తినెనని తానే వ్రాసెను. తన బాల్యసఖి మేరీ జాయిస్ వద్దకు పోవుచున్నానని అతని భ్రాంతి. ఆమె అంతకు మూడేండ్లముందే మృతిజెందెను. ఆ యేటి డిసెంబరులో నార్తాంప్టన్ చికిత్సాలయమున చేర్చిరి. 1864 మే 20వ తేదీన అచటనే మరణించెను. ఆ ఇరువదిరెండేండ్లలోను కవిత వ్రాయుట మానలేదు. అచటి అధికారి నైట్ అనువాడు వానిని నకలు తీసి కాపాడెను. ఈ చివరి కవితలలో గ్రామము పేరులు పలుచబడి, మనుష్యుని ఏకాంతము మాత్రము మిగిలెను. లోకమున క్లేరు పేరు నిలిపినవి ఇవియే యైనను, హెల్ప్‌స్టనులేని క్లేరును చదువుచున్నప్పుడు మాకు ఏదియో లోపించినట్లే యుండును.

శవమును హెల్ప్‌స్టనునకు తెచ్చి సెయింట్ బోటల్ఫ్ దేవాలయపు ఆవరణమున పాతిరి. సమాధిశిలపై 'నార్తాంప్టన్‌షైరు కర్షకకవి' యని చెక్కిరి; ముఖపత్రపు బిరుదము అతనిని అచటను వదలలేదు. 1869లో ఊరి నడుమ స్మారకచిహ్నము కట్టిరి. లండను వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున కవుల మూలలో అతనికి ఫలకము దొరకుటకు 1989 రావలసివచ్చెను. అతడు పుట్టిన కుటీరమును 2005లో జాన్ క్లేరు ధర్మసంస్థ కొని, సందర్శకులకు తెరచెను. స్వోర్డీ వెల్ ఇరువదవ శతాబ్దమున గనిగా, చెత్త పోయు గుంటగా, మోటారు పందెముల చోటుగా నానాబాధలు పడి, 2003లో ప్రకృతిసంరక్షణ సంస్థ చేతికి వచ్చెను. ఇప్పుడు మరల అచట పూవులు పూయుచున్నవి.

క్లేరు 1830 ప్రాంతమున కూర్చిన పెద్ద సంపుటమునకు 'మిడ్‌సమ్మర్ కుషన్' అని పేరిడదలచెను. వేసవిలో పచ్చిక గడ్డను పెకలించి, దానినిండ పొలముపూలు గ్రుచ్చి, కుటీరములలో అలంకారముగా నుంచుట ఆ ప్రాంతపు పాత ఆచారము. దాని పేరు అది. ప్రకాశకులు ఆ పేరును అంగీకరింపలేదు. ఏరిన కొన్ని కవితలు వేరొక పేరుతో 1835లో వచ్చెను. సంపుటము సమగ్రముగా తన పేరుతో 1979లో అచ్చయ్యెను. 1981లో స్థాపితమైన జాన్ క్లేరు సమితి ఏటేట జూలైలో, కవి జన్మదినమునకు సమీపమున, హెల్ప్‌స్టనులో ఉత్సవము జరుపుచున్నది. ఆ సమయమున ఊరిబడి పిల్లలు పచ్చికగడ్డలపై పూవులు గ్రుచ్చి తెచ్చి అతని సమాధి చుట్టు పేర్చుదురు. ఆ పూలదిండ్లకు పిల్లలు చెప్పు పేరు, క్లేరు వ్రాతప్రతిలో నున్న పేరే.